మీటింగు రెండున్నర గంటలు, పిల్లల సంగతి చివరి అయిదు నిమిషాలు: మెంటరింగ్ నిలబడేదెలా?

కృష్ణాతీరం
మా రోటరీ క్లబ్బులో నెలకు రెండు మీటింగులు. కార్డు మీద ఏడున్నర అని వేస్తాం, గంట కొట్టేసరికి ఎనిమిదింబావు. ప్రార్థన, ఫోర్ వే టెస్ట్ (రోటరీవాళ్ళు చదివే నాలుగు ప్రశ్నలు), వేదిక మీదకు ఆహ్వానాలు, పుట్టినరోజులు, పెళ్ళిరోజులు, శాలువాలు, ఫొటోలు. పది దాటాక, అందరూ భోజనాల వైపు చూస్తున్నప్పుడు, యూత్ సర్వీస్ చైర్మన్ చేతికి మైకు వస్తుంది. జిల్లా పరిషత్ హైస్కూల్లో మెంటరింగ్, అంటే పిల్లలకు తోడుండి దారి చూపే కార్యక్రమం, పెట్టుకున్నాం. జూలైలో 18 మంది వాలంటీర్లు, 40 మంది తొమ్మిదో తరగతి పిల్లలు. దసరా తర్వాత వచ్చే వాలంటీర్లు ఆరుగురు, సంక్రాంతి తర్వాత ఇద్దరు. పిల్లలు మాత్రం శనివారం వరండాలో కూర్చుని గేటు వైపు చూస్తూనే ఉన్నారు. వచ్చే ఏడాది కూడా ఇలాగే అయితే వద్దులెండి అని హెడ్మాస్టరు గారు మర్యాదగానే చెప్పారు. తప్పు మీటింగుల్లో ఉందా, కార్యక్రమం కట్టుకున్న తీరులో ఉందా? నడిపినవాళ్ళు కాస్త వివరంగా చెప్పండి.

గంట_సుత్తి
రెండింట్లోనూ ఉంది. ముందు సరిచేయాల్సింది మాత్రం మీటింగే. మెంటరింగ్ వారాల తరబడి సాగే పని. దాని మంచిచెడ్డలు చెప్పుకునే చోటు క్లబ్బులో లేకపోతే వాలంటీరు ఒంటరివాడవుతాడు. రెండుసార్లు మానేస్తే ఎందుకు మానేశావని అడిగేవాళ్ళుండరు, మూడోసారి మొహం చెల్లక రాడు.

75 నిమిషాల్లో ముగిసే క్రమం ఇది. 7:30కి ఎంతమంది ఉన్నా గంట కొట్టాలి. ఇదొక్కటే కష్టం, నాలుగు మీటింగులు పట్టుదలగా చేస్తే అయిదోసారికి అందరూ వేళకే వస్తారు. ప్రార్థన, జాతీయ గీతం, ఫోర్ వే టెస్ట్ అన్నీ కలిపి 5 నిమిషాలు. కిందటి మీటింగు మినిట్స్ (జరిగినవాటి రాత) చదవొద్దు, రెండు రోజుల ముందే వాట్సాప్‌లో పెట్టి, మీటింగులో ‘ఆమోదమేనా’ అని మాత్రం అడగాలి. ఆ వెంటనే సేవా కార్యక్రమాల నివేదిక, 20 నిమిషాలు. అప్పటికి ఎవరికీ ఆకలి మొదలవదు, బుర్రలు పనిచేస్తుంటాయి. కోశాధికారికి 5, కార్యదర్శి ప్రకటనలకు 5, అతిథి ప్రసంగానికి 20, ప్రశ్నలకు 10, వందన సమర్పణకు 2. మిగిలినవి అటూ ఇటూ సర్దుకోడానికి. పుట్టినరోజులు, పెళ్ళిరోజులు భోజనాల బల్ల దగ్గర. శాలువా అతిథికి ఒక్కరికే.

ఇంకొకటి. రోటరీలో 2016 కౌన్సిల్ ఆన్ లెజిస్లేషన్ (నియమాలు మార్చే సభ) తర్వాత క్లబ్బులకు వెసులుబాటు వచ్చింది. నెలకు కనీసం రెండుసార్లు కలవాలి, కానీ సేవా కార్యక్రమాన్ని కూడా మీటింగుగా పెట్టుకోవచ్చు. ఆ రెండింట్లో ఒకటి బళ్ళోనే పెట్టండి. మెంటరింగ్ సెషనే ఆ రోజు మీటింగు.

గోదారి_లయన్
లయన్స్‌లో అయితే దీనికి మందు నిబంధనల్లోనే ఉంది, టెయిల్ ట్విస్టర్ అని మీటింగులో సరదా జరిమానాలు వేసే పదవి. మూడు నిమిషాలకు మించి మైకు పట్టుకున్నవాళ్ళకు చిన్న జరిమానా వేయించండి. ఆ డబ్బు అక్కడికక్కడే కోశాధికారికి అప్పగించాలి, ఎలాగూ నియమమే. మాటకారులు ఎక్కువున్న క్లబ్బయితే పిల్లల చిక్కీల ఖర్చు అందులోనే వెళ్ళిపోతుంది.

విశాఖ_అల
@గోదారి_లయన్ మరి టెయిల్ ట్విస్టరే ఎక్కువ మాట్లాడితే?

గోదారి_లయన్
ఆయనకు జరిమానా వేయాలంటే హాజరైన సభ్యులందరూ ఏకగ్రీవంగా ఒప్పుకోవాలి. అదీ నియమంలోనే ఉంది. అందుకే ఆ పదవికి పోటీ ఉంటుంది 🙂

ఓరుగల్లు_మాస్టారు
గంట_సుత్తి గారు చెప్పింది మంచిదే. కానీ అసలు రోగం క్యాలెండర్‌ల ఉంది. మన బళ్ళు జూన్ 12 ప్రాంతంల తెరుస్తరు. రోటరీకైనా లయన్స్‌కైనా సంవత్సరం జూలై 1న మొదలైతది, జూన్ 30న అయిపోతది. అంటే బడి తెరిచిన మూడు వారాలకు అధ్యక్షుడు మారుతడు, కార్యదర్శి మారుతడు, చైర్మన్ మారుతడు. జూలై, ఆగస్టు రెండు నెలలు ప్రమాణ స్వీకారాలకే పోతయి. కొత్తాయన తన పేరు మీద కొత్త కార్యక్రమం కావాలంటడు. పోయినేడు మొదలైన పిల్లలు తొమ్మిది నుంచి పదికి వస్తరు, సరిగ్గ తోడు కావాల్సిన ఏడాదే వాళ్ళను వదిలేస్తరు.

కాబట్టి మెంటరింగ్ కమిటీని అధ్యక్షుని పదవీకాలంతోని ముడిపెట్టొద్దు. ముగ్గురు సభ్యులు, ఒక్కొక్కరికి మూడేండ్లు, ఏటా ఒక్కరే దిగిపోవాలె. బోర్డు తీర్మానం చేసి మినిట్స్‌ల రాసిపెట్టాలె. కాబోయే అధ్యక్షుని సంతకం ఏప్రిల్లనే తీసుకోవాలె. ఎవరి పేరు బ్యానర్ మీద ఉంటదన్న పంచాయితీ అక్కడనే తెగిపోతది.

ఇగ తారీఖులు. ఏప్రిల్ 23 ప్రాంతంల వేసవి సెలవులు పడుతయి, అంతకుముందే హెడ్మాస్టరును కలవాలె. మే నెలల వాలంటీర్ల ఎంపిక, పోలీస్ వెరిఫికేషన్, ఒక పూట శిక్షణ. జూన్ చివరి వారం మొదటి సెషన్. రెండో శనివారం సెలవు గనుక 1, 3 శనివారాలు పెట్టుకుంటే తప్పిపోదు. జూన్‌ల 1, జూలై, ఆగస్టు, సెప్టెంబర్‌ల రెండేసి, అక్టోబర్‌ల దసరా పోను 1, నవంబర్, డిసెంబర్‌ల రెండేసి, జనవరిల సంక్రాంతి పోను 1, ఫిబ్రవరిల 2, మార్చిల 1. మొత్తం 16. అంతకన్న ఎక్కువ మాటిస్తే నిలబెట్టుకోలేరు.

సీమ_బిడ్డ
మాస్టారూ, పత్తి సంగతి మరిచినారు. కర్నూలు వైపు, మీ వరంగల్, ఆదిలాబాద్ వైపు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పత్తి ఏరేదానికి పిల్లోళ్ళు పోతారు. గుంటూరు, ఖమ్మం వైపు ఫిబ్రవరి, మార్చిలో మిరప కోతలు. ఆ నెలల్లో పిల్లలు రాలేదని ‘ఆసక్తి లేదు’ అని రిజిస్టర్లో రాసేస్తే అన్యాయం. రెండుసార్లు వరసగా రాని పిల్లోడి ఇంటికి క్లాసు టీచరుతో కలిసి పోయి రావల్ల. ఒక్కరే పోకూడదు.

ఓరుగల్లు_మాస్టారు
నిజమే తమ్మీ. నవంబర్‌ల హాజరు సగానికి పడితే భయపడొద్దు, సంక్రాంతి దాటినంక మళ్ళ వస్తరు. కానీ వచ్చిననాడు వాళ్ళ మెంటరు అక్కడ ఉండాలె.

రోటరాక్ట్_రాజమండ్రి
ఒక మాట కఠినంగా చెప్తున్నా, పెద్దలు ఏమీ అనుకోవద్దు. మెంటర్లు మానేయడం సగం కథే. పిల్లలే లోపల మానేస్తారు, మనిషి వస్తాడు గానీ మనసు రాదు. యాభై అయిదేళ్ళ ఆయన కుర్చీ వేసుక్కూర్చుని ‘మా రోజుల్లో వీధి దీపం కింద చదివాం’ అని నలభై నిమిషాలు చెప్తే పధ్నాలుగేళ్ళ పిల్ల ఏం మాట్లాడుతుంది? ఈ పని డిగ్రీ, ఇంజినీరింగ్ వాళ్ళకి అప్పగించండి. రోటరీ వాళ్ళ యువ విభాగం రోటరాక్ట్ ఉన్నదే అందుకు. 2020 నుంచి 30 ఏళ్ళ పరిమితి కూడా తీసేశారు.

గంట_సుత్తి
ఉపన్యాసాల విషయంలో నీతో ఏకీభవిస్తాను బాబూ. కానీ డిగ్రీ పిల్లల మీదే నడిపితే సెమిస్టర్ పరీక్షలకి నెల రోజులు మాయం, ఫైనలియర్ కాగానే హైదరాబాదో బెంగళూరో. లయన్స్ వాళ్ళ యువ విభాగం లియో క్లబ్బుల్లోనూ అంతే. ఆల్ఫా వాళ్ళు 12 నుంచి 18, ఒమేగా వాళ్ళు 18 నుంచి 30 ఏళ్ళు. ఆల్ఫా వాళ్ళే పిల్లలు, వాళ్ళని మెంటర్లుగా పెట్టకూడదు.

జంటలు కట్టండి. ఒక కాలేజీ వయసువాడు, ఒక పెద్ద సభ్యుడు, వాళ్ళిద్దరికీ నలుగురు పిల్లలు. కబుర్లు, లెక్కలు చిన్నవాడివి. ధ్రువపత్రాలు, బ్యాంకు, హెడ్మాస్టరుతో మాటలు పెద్దాయనవి. ఒకరు రాకపోయినా బల్ల ఖాళీగా ఉండదు.

రోటరాక్ట్_రాజమండ్రి
ఇది ఒప్పుకుంటా. మే శిక్షణలో పెద్దలతో ఒక కసరత్తు చేయించండి: పది నిమిషాలు ప్రశ్నలే అడగాలి, సలహా ఒక్కటి కూడా ఇవ్వకూడదు. మూడో నిమిషానికే నోరు ఆగదు. అక్కడ తెలిసొస్తుంది.

న్యూజెర్సీ_తెలుగు
అమెరికాలో ఈ పని చాలా పాతది. బిగ్ బ్రదర్స్ ఉద్యమం న్యూయార్క్‌లో 1904లో మొదలైంది, రోటరీ కంటే ఏడాది ముందు. అక్కడ జంట అంటే ఒక పెద్ద, ఒక పిల్ల. బిగ్ బ్రదర్స్ బిగ్ సిస్టర్స్ జంటల మీద గ్రాస్‌మన్, రోడ్స్ అనే ఇద్దరు పరిశోధకులు చేసిన అధ్యయనం 2002లో వచ్చింది. ఏడాదీ ఆపైనా సాగిన జంటల్లోనే పిల్లలకు ఎక్కువ మేలు కనిపించింది. మూడు నెలల్లోపు తెగిపోయిన చోట పిల్లలకు తమ మీద తమకున్న గౌరవం తగ్గింది. కృష్ణాతీరం గారూ, మీ వరండాలో పిల్లలు ఎదురుచూడటం చిన్న విషయం కాదు. మధ్యలో వదిలేయడం కంటే తక్కువ మందితో మొదలుపెట్టడం మంచిది.

కృష్ణాతీరం
మూడు నెలల సంగతి చదివి మనసు చివుక్కుమంది. మాది సరిగ్గా జూలై నుంచి దసరా.
తక్కువ అంటే ఎంతమంది? 40 అని బళ్ళో చెప్పేశాం.

గంట_సుత్తి
పేరిచ్చినవాళ్ళు 18 అంటే నిలిచేవాళ్ళు 12 అనుకుని లెక్క కట్టండి. 12 మంది అంటే 6 జంటలు. జంటకి నలుగురు, మొత్తం 24 మంది పిల్లలు. మిగతా ఆరుగురిలో ముగ్గురిని బదులు మెంటర్లుగా ఉంచండి, ఎవరైనా రాలేమంటే వాళ్ళు వెళ్తారు. రాలేమని చెప్పడానికి గడువు గురువారం రాత్రి 8. మిగిలిన ముగ్గురూ నెమ్మదిగా కనిపించకుండా పోతారు, అందుకు బాధపడొద్దు.

లెక్కల_పద్దు
24 మందికి ఖర్చు రాసుకోండి. నోటు పుస్తకాలు తలకు రెండు, 40 చొప్పున 1,920. చిక్కీ, అరటిపండు తలకు 15, 16 సెషన్లకు 5,760. జిరాక్స్ తలకు నాలుగు పేజీలు, పేజీ రూపాయి, 1,536. చార్టులు, స్కెచ్ పెన్నులు, దారం, గమ్ వగైరా 1,500. మొత్తం 10,716. ఏడాదంతటికీ పదకొండు వేల లోపే. ప్రమాణ స్వీకారం వేదిక మీద పూల అలంకరణ బిల్లు తీసి పక్కన పెట్టి చూడండి.

డబ్బు తగ్గి ఆగిపోయే పని కాదిది, డబ్బు కలిసిపోయి గొడవయ్యే పని. సభ్యుల చందాలు ఒక ఖాతా, సేవకని బయటివాళ్ళ దగ్గర వసూలు చేసింది వేరే ఖాతా. లయన్స్‌లో ఇది నియమం. ప్రజల దగ్గర సేకరించింది క్లబ్బు పరిపాలనకు వాడకూడదు. భోజనాల బిల్లు సేవా ఖాతాలోంచి ఒక్కసారి కట్టారా, మరుసటి ఏడాది దాత అడిగినప్పుడు జవాబుండదు. ట్రస్టు ద్వారా ఆదాయపన్ను మినహాయింపు (80జి) రసీదు ఇస్తుంటే నగదుగా 2,000 దాటి తీసుకోవద్దు, ఆ పైన నగదుకు మినహాయింపు రాదు. చెక్కు గానీ యూపీఐ గానీ అడగండి.

దాత_ఒకరు
ఇంత తతంగం ఎందుకండీ. జూన్‌లో బ్యాగులు, పుస్తకాలు పంచితే సరిపోతుంది కదా, పిల్లలూ సంతోషిస్తారు.

పాలమూరు_అక్క
సంతోషిస్తరు, నిజమే. కానీ పాఠ్యపుస్తకాలు, యూనిఫాం రెండు రాష్ట్రాల్లో ప్రభుత్వమే ఇస్తది. ఆంధ్రల బడి కిట్టులో బ్యాగు, బూట్లు కూడ ఉంటయి. ఒక్కో పిల్లకు మూడు బ్యాగులున్నయి, ఇంటర్‌ల ఏ గ్రూపు తీసుకోవాల్నో చెప్పే మనిషి ఒక్కరు లేరు. పంచాలనే ఉంటే హెడ్మాస్టరును అడిగి లేని వస్తువు ఇయ్యిండ్రి. జామెట్రీ బాక్సులు, శానిటరీ ప్యాడ్లు చాల బళ్ళల్ల నిజంగ కావాలె.

దాత_ఒకరు
జామెట్రీ బాక్సులు 24 నా తరఫున. అదీ మెంటర్లే ఇవ్వండి, ఫొటో వద్దు.

పాలమూరు_అక్క
సంతోషం అన్నా. ఫొటో మాట ఎత్తిన్రు గనుక చెప్పాల్సినవన్ని ఒక్కసారే చెప్త. ఇవి లేకుండ మాత్రం మొదలుపెట్టొద్దు.

ప్రతి మెంటరుకు పోలీస్ వెరిఫికేషన్ సర్టిఫికెట్, ఎంత పెద్ద మనిషైనా. అధ్యక్షుడే ముందు తీసుకుంటే మిగతావాళ్ళు సణగరు. తల్లిదండ్రుల అనుమతి పత్రం తెలుగులో, ఒకే పేజీ. చదువు రాని తల్లికి చదివి వినిపించి వేలిముద్ర తీసుకోవాలె, చదివి వినిపించినోళ్ళు కింద సంతకం చేయాలె. పిల్లతోని మెంటరు ఒక్కడే తలుపేసిన గదిల కూసోవద్దు. వరండా, చెట్టు కింద, తలుపులు తీసిన క్లాసు, అంతే. ఆడపిల్లల జట్టుకు జంటలో ఒక్కరన్న మహిళ తప్పనిసరి. బండి మీద దింపుడు, ఇంటికి పిలుచుడు, అప్పులిచ్చుడు, పుట్టినరోజు బహుమతులు, ఏదీ లేదు. పిల్లలకు విడిగ ఫోన్లు, మెసేజీలు వద్దు. క్లాసు టీచరున్న గ్రూపుల, తల్లిదండ్రుల నంబరుకే పెట్టాలె.

‘ఎవ్వరికి చెప్పను, నాకు చెప్పు’ అని పిల్లకు మాటియ్యొద్దు. పోక్సో చట్టం 2012ల 19వ సెక్షన్ ప్రకారం పిల్లల మీద లైంగిక నేరం జరిగిందని తెలిస్తే పోలీసులకు చెప్పి తీరాలె. చెప్పకపోతే 21వ సెక్షన్ కింద ఆరు నెలల దాక జైలు. సంస్థ బాధ్యుడు తన కింద పనిచేసేటోళ్ళ నేరం దాస్తే ఏడాది దాక. ‘నువ్వు చెప్పి మంచిపని చేసినవు, నీకు సాయం చేసేటోళ్ళకు నేను చెప్పాల్సి ఉంటది’ అనే మాట మెంటర్లతోని శిక్షణలనే నోటికి పలికించాలె. ఆ పిల్లను మళ్ళ మళ్ళ అడిగి వివరాలు గుంజొద్దు, అది పోలీసుల పని.

ఆపదల ఉన్న పిల్లలకు సాయం చేసే 1098 ఫోన్ నంబరు ప్రతి పిల్ల నోటు పుస్తకం అట్ట లోపల రాయించిండ్రి. బాల్యవివాహానికీ అదే నంబరు. పది పరీక్షలు అయిపోయినంక ఏప్రిల్, మే నెలలే ప్రమాదం. మెంటరు సంబంధం మార్చిల తెగ్గొట్టొద్దు, ఇంటర్ అడ్మిషన్ అయ్యేదాక టీచరు ద్వారా కనుక్కుంటనే ఉండాలె.

విశాఖ_అల
అక్కా, మెంటర్లలో పెద్ద వ్యాపారస్తులుంటారు, పోలీస్ వెరిఫికేషన్ అంటే ‘నన్నే అనుమానిస్తారా’ అంటారు. వాళ్ళు పోతే చందాలూ పోతాయి.

పాలమూరు_అక్క
చందా ఇయ్యనీ, మెంటరుగ వద్దు. ఆ రెండు వేరు వేరు పనులు.

దరఖాస్తుల_బల్ల
తొమ్మిదో తరగతితో మొదలుపెట్టడమే ఆలస్యం అంటాను. ఎనిమిదితో మొదలుపెట్టండి. కారణం ఎన్‌ఎంఎంఎస్ స్కాలర్‌షిప్. పేద కుటుంబాల్లో చురుకైన పిల్లలకు కేంద్రం ఇచ్చేది. పరీక్ష ఎనిమిదో తరగతిలోనే రాయాలి, ఒక్కసారే అవకాశం. ఎంపికైతే తొమ్మిది నుంచి ఇంటర్ రెండో ఏడాది దాకా ఏటా 12,000. తల్లిదండ్రుల ఆదాయం ఏడాదికి 3.5 లక్షలు మించకూడదు, ఏడో తరగతిలో 55 శాతం ఉండాలి, ఎస్సీ ఎస్టీలకు 50. ప్రభుత్వ, స్థానిక సంస్థల, ఎయిడెడ్ బళ్ళ పిల్లలకే. వసతి ఉన్న గురుకులాలకు వర్తించదు.

పరీక్షలో రెండు భాగాలు, మ్యాట్ (ఆలోచనా శక్తి) 90 ప్రశ్నలు, శాట్ (బడి పాఠాలు) 90 ప్రశ్నలు, ఒక్కోదానికి 90 నిమిషాలు. ప్రశ్నకు నిమిషం. పిల్లలకు తెలియక తప్పు రాయడం తక్కువ, వేళ చాలక వదిలేయడం ఎక్కువ. మ్యాట్‌లో సంఖ్యా శ్రేణులు, అద్దంలో బొమ్మలు, కోడింగ్ లాంటివి బళ్ళో చెప్పరు. ఆగస్టు నుంచి సెషన్‌కు 20 ప్రశ్నలు, గడియారం పెట్టి 20 నిమిషాలు చేయిస్తే చాలు.

అసలు దెబ్బ ఎంపికయ్యాక తగులుతుంది. బడి రిజిస్టర్లో ‘కె. లక్ష్మీ ప్రసన్న’, ఆధార్‌లో ‘ప్రసన్న కొమ్ము’, బ్యాంకులో ఇంకో రకం. డబ్బు వెనక్కి పోతుంది. ఖాతా పిల్ల పేరు మీదే ఉండాలి, ఆధార్‌తో ముడిపడి ఉండాలి. ఏటా జాతీయ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో రెన్యువల్ చేయాలి, మరిస్తే ఆ ఏడాది డబ్బు పోయినట్టే. అందుకే రెండో సెషన్‌లోనే ప్రతి పిల్లకీ నాలుగు గడుల కాగితం ఒకటి తయారుచేయండి: రిజిస్టర్ పేరు, ఆధార్ పేరు, బ్యాంకు పేరు, పుట్టిన తేదీ. తేడా ఉన్నవి ఎర్ర సిరా. జంటలో పెద్దాయన పని ఇదే. పదో తరగతి నామినల్ రోల్స్ (పరీక్ష రాసేవాళ్ళ జాబితా) పంపేలోగా సరిచేయకపోతే తప్పు పేరు మెమో మీదకెక్కుతుంది, ఆ తర్వాత జీవితమంతా తిరగాలి.

కృష్ణాతీరం
ఈ నాలుగు గడుల కాగితం మాకు తట్టనేలేదు. మేం మొదటి నెలంతా ‘లక్ష్యసాధన’ మీద ప్రసంగాలు పెట్టాం.

సీమ_బిడ్డ
సెషన్ ఎట్ల నడపల్లో ఎవరూ రాయలేదు, నేను రాస్తా.

75 నిమిషాలు. బడి వేళలోనే, చివరి రెండు పీరియడ్లలో పెట్టుకోండి. బడి అయినాక పెడితే పల్లెవెలుగు బస్సు పోతుందని ఆడపిల్లలు సగంలో లేస్తారు. మొదటి 10 నిమిషాలు చిక్కీ, కబుర్లు. 35 నిమిషాలు చదువు. 20 నిమిషాలు బయటి ప్రపంచం. చివర 10 నిమిషాల్లో పిల్లోళ్ళే నోటు పుస్తకంలో రెండు వాక్యాలు రాయల్ల: ఈ రోజు ఏం తెలిసింది, వచ్చేసారికి ఏం కావల్ల.

మొదటి సెషన్లో చదువు మాటే వద్దు. తెల్లకాగితం ఇచ్చి ‘మీ ఇంటి నుంచి బడికి దారి గీయండి’ అని చెప్పండి. మెంటరు కూడా తన దారి గీయల్ల. అంగడి, బోరింగు, కుక్క కరిచిన సందు, అమ్మ పనికిపోయే ఇటుకల బట్టీ, అన్నీ ఆ కాగితంలోకి వస్తాయి. మీరు పది ప్రశ్నలేసినా రాని సంగతులు ఆ గీతల్లో ఉంటాయి. కాగితాలు ఫొటో తీసి గ్రూపులో పెట్టొద్దండి, ఇంటి దారి అది.

లెక్కలకు ముందు పది భాగహారాలు ఇచ్చి చూడండి. తొమ్మిదో తరగతిలో కూడా 408ని 4తో భాగించమంటే 12 అని రాసేవాళ్ళుంటారు. 4లో 4 ఒకసారి, 0లో 4 పోదు కాబట్టి వదిలేసి, 8లో 4 రెండుసార్లు. పిల్లోడికి భాగహారం వచ్చు, సున్నాకు చోటుందని తెలీదు. దాన్ని ‘వెనకబడినాడు’ అనకండి. నాలుగు వంద నోట్లు, పది రూపాయల నోట్లు ఏమీ లేవు, ఎనిమిది రూపాయి బిళ్ళలు బల్ల మీద పెట్టి నలుగురికీ పంచమనండి. ఒక్కొక్కరికి ఒక వంద, పదులు లేవు, రెండు రూపాయలు. చేతిలో 102 ఉంటే కాగితం మీద 12 ఎట్ల వచ్చిందో వాడే అడుగుతాడు. ఆ తర్వాత బహుపదుల భాగహారంలో కూడా ఖాళీ స్థానానికి సున్నా పెట్టడం వాడికి తనంతట తానే అర్థమవుతుంది.

ఓరుగల్లు_మాస్టారు
శెబాష్. పిల్లగాడు చేసిన తప్పుల దారి పట్టుకొని పోవుడే మా పని. వాలంటీర్లు ఇది నేర్చుకుంటే మాకు సగం బరువు దిగుతది. ఒక్క మాట, సబ్జెక్టు టీచరుతోని మాట్లాడి ఆ నెల ఏ పాఠం నడుస్తుందో తెలుసుకొని రాండ్రి. టీచరు ఒక పద్ధతి చెప్పి, మెంటరు ఇంకో షార్ట్‌కట్ చెప్తే పిల్ల రెంటికీ చెడ్తది.

విశాఖ_అల
‘బయటి ప్రపంచం’ 20 నిమిషాల్లో ఏం చెప్పాలి? డాక్టరు, కలెక్టరు తప్ప పిల్లలకి ఇంకోటి తెలీదు.

దరఖాస్తుల_బల్ల
పది తర్వాత దారులే చెప్పండి, ఒక్కో సెషన్‌కు ఒక్కటి, దరఖాస్తు నెలతో సహా. ఇంటర్‌లో ఎంపీసీ, బైపీసీ, సీఈసీ, హెచ్ఈసీ అంటే ఏ ఏ సబ్జెక్టులో, ఏది తీసుకుంటే ఏ తలుపు మూసుకుంటుందో. పాలిసెట్ రాస్తే మూడేళ్ళ డిప్లొమా, ఆ తర్వాత ఈసెట్ రాసి నేరుగా బీటెక్ రెండో ఏడాదికి వెళ్ళొచ్చని చాలా ఇళ్ళల్లో తెలియదు. ఐటీఐలో ఎలక్ట్రీషియన్, ఫిట్టర్ రెండేళ్ళు, వెల్డర్ ఏడాది. ఆర్‌జీయూకేటీ ట్రిపుల్ ఐటీలు: బాసర, నూజివీడు, ఇడుపులపాయ, ఒంగోలు, శ్రీకాకుళం. పదో తరగతి మార్కుల మీదే సీటు, ఆరేళ్ళ కోర్సు, ప్రభుత్వ బడి పిల్లలకు అదనపు వెయిటేజీ.

చెప్పడం కంటే మనిషిని తీసుకురండి. సబ్‌స్టేషన్‌లో లైన్‌మన్, ల్యాబ్ టెక్నీషియన్, బ్యాంకు క్లర్కు. పది నిమిషాలు వాళ్ళ ఒక రోజు ఎలా గడుస్తుందో చెప్పమనండి, తర్వాత పిల్లల ప్రశ్నలు. జీతమెంత అని అడుగుతారు, సూటిగా చెప్పమని ముందే ఒప్పించండి.

న్యూజెర్సీ_తెలుగు
ఇక్కడినుంచి ఆన్‌లైన్‌లో మాట్లాడటానికి మనుషులు దొరుకుతారు. కానీ శనివారం అక్కడ మధ్యాహ్నం 3 అంటే ఇక్కడ తూర్పు తీరంలో పొద్దున 5:30. నవంబర్ మొదటి ఆదివారం గడియారాలు మారాక 4:30. ఈ మార్పు చెప్పకపోతే గంట తేడా వచ్చి పిల్లలు ఖాళీ తెర ముందు కూర్చుంటారు. అందుకే దీన్ని మెంటరింగ్‌గా పెట్టుకోకండి. ఏడాదికి రెండుసార్లు అతిథిగా, సెప్టెంబర్ లోపు పెట్టుకోండి. అదీ బళ్ళో స్మార్ట్ ప్యానెల్ ఉన్న గదిలో, మెంటర్లు పక్కన ఉండగా.

రోటరాక్ట్_రాజమండ్రి
బడి ఒప్పుకుంటే ఇంటరాక్ట్ క్లబ్బు (రోటరీ వాళ్ళ బడిపిల్లల క్లబ్బు) కూడా పెట్టించండి. 12 నుంచి 18 ఏళ్ళ వాళ్ళది, 1962 నుంచి ఉంది. మెంటరింగ్ పిల్లలు మనం చెప్పింది వినేవాళ్ళుగానే మిగిలిపోకుండా, వాళ్ళే మీటింగు నడుపుతారు, మినిట్స్ రాస్తారు, ఆరో తరగతి వాళ్ళకి చదివి వినిపిస్తారు. 14 దాటినవాళ్ళని జిల్లా రైలా (యువ నాయకత్వ) శిబిరానికి పంపొచ్చు. గంట కొట్టే అధ్యక్షురాలు తొమ్మిదో తరగతి పిల్ల అయితే మన పెద్దల మీటింగు కంటే వేళకి మొదలవుతుంది, ఇది మాత్రం గ్యారంటీ.

లెక్కల_పద్దు
రెండూ ఒకే ఏడాది మొదలుపెట్టొద్దు. ముందు మెంటరింగ్ 16 సెషన్లూ తప్పకుండా జరిపి చూపించండి, రెండో ఏడాది ఇంటరాక్ట్.

గంట_సుత్తి
మెంటర్లకు విడిగా నెలకోసారి అరగంట కూడా ఉండాలి, బళ్ళో సెషన్ కాగానే అక్కడే, టీ తాగుతూ. మూడే ప్రశ్నలు. ఎవరు రాలేదు, ఎందుకు? ఏ పిల్ల విషయంలో టీచరుతో మాట్లాడాలి? వచ్చేసారికి ఏం తేవాలి? ఇందులో పిల్లల ఇంటి సంగతులు వచ్చినా క్లబ్బు మీటింగులో పేర్లు ఎత్తకూడదు. క్లబ్బుకు అంకెలే చెప్పాలి: ఎన్ని సెషన్లు, ఎంతమంది పిల్లలు, ఎంతమంది మెంటర్లు, ఎన్ని పేర్ల తప్పులు సరిచేయించాం.

కృష్ణాతీరం
ఆదివారం బోర్డు మీటింగుంది. అజెండాలో ఇవి పెడుతున్నాను. మూడేళ్ళ కమిటీ తీర్మానం, నెలకో మీటింగు బళ్ళో, సేవా నివేదిక మొదటి పావుగంటలోనే, పోలీస్ వెరిఫికేషన్ అధ్యక్షుడి నుంచి మొదలు, 24 మంది పిల్లలు.

ఒక్కటి తేలలేదు. ఇప్పుడున్న 40 మంది జూన్‌లో పదికి వస్తారు. దరఖాస్తుల_బల్ల గారు ఎనిమిదితో మొదలుపెట్టమంటున్నారు. వీళ్ళని ఏం చేయను?

పాలమూరు_అక్క
వీళ్ళనే తీసుకోవాలె, ఇంకో మాట లేదు. 40 మందినీ అడుగుండ్రి, కావాలన్నోళ్ళ పేర్లు రాసుకోండ్రి. అందరు రారు, వచ్చినోళ్ళకు పది అయ్యేదాక నడపుండ్రి. ఎనిమిదో తరగతి ఆపై ఏడాది నుంచి.

దరఖాస్తుల_బల్ల
అక్క చెప్పిందే సరి. నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. పదికి వచ్చేవాళ్ళకు పేర్ల కాగితం మాత్రం జూన్ మొదటి సెషన్‌లోనే చేయండి, రెండోదాకా ఆగొద్దు. నామినల్ రోల్స్ వేళకు చేతిలో నాలుగైదు నెలలే ఉంటాయి, ఆధార్ సవరణకు వారాలు పట్టొచ్చు.

ఓరుగల్లు_మాస్టారు
జూన్ దాక ఆగుడెందుకు? బడి ఇంకా నడుస్తనే ఉన్నది కద. ఈ శనివారమే ఆ మిగిలిన ఇద్దరు వాలంటీర్లతోని మీరు పోండ్రి. రిజిస్టర్ హెడ్మాస్టరు దగ్గరనే ఉంటది. పిల్లలను ఆధార్ జిరాక్స్ తెచ్చుకోమని శుక్రవారమే క్లాసుల చెప్పించుండ్రి.

కృష్ణాతీరం
శుక్రవారం పొద్దున ప్రార్థన వేళకి బడికి వెళ్తున్నాను. ఎర్ర పెన్నులు కొన్నాను.